ఆయన శ్రీకాకుళంలో, నేను బెంగళూరులో: జాయింట్ ఖాతా ఎక్కడ, ఎలా తెరవాలి?

బెళ్ళందూరు_పీజీ | శుక్రవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాకు పెళ్ళయి పద్నాలుగు నెలలు. నాది ఇక్కడ బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, బెళ్ళందూరులో పీజీలో ఉంటున్నా. ఆయన శ్రీకాకుళంలో జూనియర్ కాలేజీ లెక్చరర్. ఆయనకి బదిలీ లేదు, నాకు వర్క్ ఫ్రమ్ హోమ్ లేదు. రెండు నెలలకోసారి ఎవరో ఒకరం ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కడం, అంతే కాపురం.

డబ్బు దగ్గర మాత్రం గందరగోళంగా ఉంది. టికెట్లు నేను బుక్ చేస్తాను. అక్కడి ఇంటద్దె, అత్తయ్య మందులు ఆయన చూస్తారు. ఫ్రిజ్ ఈఎంఐ నా కార్డు మీద పోతుంది. నెలాఖరుకి వాట్సాప్‌లో లెక్కలు: "నువ్వే నాకు 3,400 ఇవ్వాలి", "అదేంటి, గ్యాస్ నేనే కట్టాగా!" పోయిన నెల ఒక కొరియర్ ఖర్చు 640 రూపాయలు ఎవరి ఖాతాలో రాయాలనే దాని మీద అరగంట అలిగాం. మొగుడూ పెళ్ళాల్లా లేం, రూమ్మేట్లలా ఉన్నాం.

అందుకే ఇద్దరి పేరునా ఒక సేవింగ్స్ ఖాతా తెరిచి ఉమ్మడి ఖర్చులన్నీ అందులోంచే పెడదాం అనుకున్నాం. ఇద్దరం కలిసి బ్యాంకుకి వెళ్ళాల్సిందేనా, ఫోన్లో అయిపోదా? బ్యాంకు శ్రీకాకుళంలోదైతే మేలా, ఇక్కడిదా? ఎవరి పేరు ముందు? ఆయన జీతం ఖాతాలోనే నా పేరు చేర్పిస్తే సరిపోదా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

---

మడివాళ_బస్సు | శుక్రవారం, రాత్రి 11:15

నాదీ ఇదే కథ అండీ, కాకపోతే మా ఆవిడ ప్రొద్దుటూరు. ఫోన్లో అయిపోతుందేమోనని నేనూ ఆశపడ్డాను. వీడియో కేవైసీ (వీడియో కాల్‌లో మన గుర్తింపు, చిరునామా సరిచూడడం) సాధారణంగా ఒక్కరి పేరున తెరిచే ఖాతాకే పెడతారు. జాయింట్ అనగానే నాకు యాప్‌లో "మీ దగ్గరి శాఖను సంప్రదించండి" అని వచ్చింది.

సరే అని ఆవిణ్ణి రాత్రి బస్సెక్కించాను. పొద్దున ఆరింటికి మడివాళలో దిగింది, స్నానం చేసి, చీర కట్టుకుని, ఆధార్, పాన్, ఫొటోలు అన్నీ ఫైల్లో పెట్టుకుని తొమ్మిదిన్నరకే బ్యాంకు ముందు నిలబడ్డాం. షట్టర్ దించి ఉంది. పది దాటినా ఎత్తలేదు. ఆ రోజు రెండో శనివారం. పక్కనే దర్శినిలో ఇడ్లీ వడ తిని ఇంటికొచ్చేశాం. ఆ వడ ఖరీదు బస్సు చార్జీతో కలిపి 2,100 అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఒకటో శనివారం, మూడో శనివారం, ఎప్పుడైనా వస్తే అయిదోది. ఆ రోజుల్లోనే పెట్టుకోండి. కర్ణాటక సెలవులు, ఆంధ్ర సెలవులు ఒకటి కావు, అది కూడా చూసుకోండి.

---

కౌంటర్_నెం_4 | శనివారం, ఉదయం 6:05

అమ్మా, నేను ప్రభుత్వరంగ బ్యాంకులో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. చివరి ఎనిమిదేళ్ళు బెంగళూరులోనే. నీ ప్రశ్నలకి నాకు తెలిసినంత చెబుతాను.

ముందు మీ వారి జీతం ఖాతా సంగతి. అది ముట్టుకోవద్దు. జీతం ఖాతాకి ప్రమాద బీమా లాంటి సదుపాయాలు కొన్ని ఉంటాయి, అవి ఉద్యోగి పేరు మీద ఉంటాయి. పైగా ఉన్న ఖాతాలో పేరు చేరిస్తే పాత లావాదేవీలన్నీ కొత్తగా చేరినవారికి కనబడతాయి. దాచాల్సింది ఏమీ లేకపోయినా, ఎప్పుడో మూడేళ్ళ కింద స్నేహితుడికి పంపిన పదివేల గురించి ఇప్పుడు సంజాయిషీ ఎందుకు? కొత్తది తెరవండి.

ఇద్దరూ ఒకే రోజు రావాలా అంటే, అది బ్యాంకును బట్టి, నిజం చెప్పాలంటే మేనేజరును బట్టి కూడా. ఇద్దరి కేవైసీ పూర్తవ్వాలి, ఇద్దరి సంతకం నమూనా ఉండాలి, ఇది ఎక్కడైనా ఒకటే. కొన్ని బ్యాంకుల్లో మీ వారు శ్రీకాకుళం శాఖకి వెళ్ళి అక్కడ తన కేవైసీ చేయించుకుని సీఐఎఫ్ నంబరు (ఒక్కో ఖాతాదారుకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) పుట్టిస్తే, ఆ నంబరుని ఇక్కడి ఫారంలో వేసి, సంతకం అక్కడి అధికారి ధ్రువీకరించి పంపితే ఒప్పుకుంటారు. కాగితం వెళ్ళిరావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. దానికన్నా రైలెక్కి రావడమే సుఖం.

రెండు ఊళ్ళలోనూ శాఖలున్న బ్యాంకే ఎంచుకోండి. ఎప్పుడైనా సంతకం సరిపోలలేదనో, ఫోన్ నంబరు మార్చాలనో వెళ్ళాల్సొస్తుంది. గ్రామీణ బ్యాంకుల్లో మన ఊళ్ళో పని సులువే, కానీ బెంగళూరులో వాళ్ళ శాఖ ఉండదు కదా. కెనరా ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. మన పాత ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది కాబట్టి శ్రీకాకుళం వైపు వాళ్ళ శాఖలూ కనబడతాయి. ఫలానాదే అని నేను చెప్పను, మీకు దగ్గర్లో ఏది ఉంటే అది.

ఇక అసలు విషయం. ఫారంలో "మోడ్ ఆఫ్ ఆపరేషన్" అని ఒక చిన్న గడి ఉంటుంది. జనం దాన్ని చదవరు. ఖాతా స్వభావమంతా ఆ గడిలోనే ఉంది. "ఐదర్ ఆర్ సర్వైవర్" అంటే ఇద్దరిలో ఎవరైనా ఒంటరిగా డబ్బు తీయొచ్చు, ఒకరు పోతే రెండోవారిదే ఖాతా. "ఫార్మర్ ఆర్ సర్వైవర్" అంటే మొదటి పేరున్నవారే నడుపుతారు, వారు పోయాకే రెండోవారికి హక్కు. "జాయింట్‌లీ" అంటే ప్రతి చెక్కు మీదా ఇద్దరి సంతకం. ఇద్దరూ రెండు ఊళ్ళలో ఉండి మూడోది పెట్టుకుంటే పాల ప్యాకెట్ కొనాలన్నా ప్రశాంతి ఎక్కాల్సిందే. దాని మీద యూపీఐ కూడా నడవదు. మీకు కావలసింది మొదటిది.

---

చిత్తూరు_చిన్నది | శనివారం, ఉదయం 9:30

అందరూ ఎలా తెరవాలో చెబుతున్నారు, తెరవాలా అని ఎవరూ అడగట్లేదు. నేను అడుగుతా.

మా అక్క ఖాతా "ఐదర్ ఆర్ సర్వైవర్". అక్క ఇక్కడ వైట్‌ఫీల్డ్‌లో, బావ హైదరాబాదులో. ఫ్లాట్ అడ్వాన్సు కోసం నాలుగేళ్ళు కూడబెట్టిన 6 లక్షల 80 వేలు అందులో ఉన్నాయి. ఒక బుధవారం మధ్యాహ్నం అక్క ఆఫీసులో అన్నం తింటుంటే మెసేజ్ వచ్చింది. తరువాత ఇంకోటి. సాయంత్రానికి ఖాతాలో 1,112 రూపాయలు మిగిలాయి. బ్యాంకుకి పరిగెత్తితే వాళ్ళన్న మాట ఒక్కటే: "ఆయనకీ హక్కుంది మేడం." రూల్ ప్రకారం వాళ్ళ తప్పు కూడా లేదు. అదే బాధ.

నమ్మకం లేక చెప్పడం లేదండీ. అక్క కూడా నమ్మింది.

---

మడివాళ_బస్సు | శనివారం, ఉదయం 9:52

అయ్యో.

---

కౌంటర్_నెం_4 | శనివారం, ఉదయం 11:20

చిత్తూరు అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. నా సర్వీసులో ఇలాంటివి నాలుగైదు చూశాను. ఒకటి గుర్తుపెట్టుకోండి. సంబంధం చెడుతున్నట్టు అనిపిస్తే, డబ్బు పోకముందే, ఇద్దరిలో ఎవరైనా సరే "ఇకపై ఇద్దరి సంతకం లేనిదే చెల్లించవద్దు" అని శాఖకి రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు స్టాంపు వేయించుకోవచ్చు. సాధారణంగా బ్యాంకు అప్పుడు ఒంటి సంతకాలు ఆపేస్తుంది. కానీ ఉత్తరం ఆలస్యమైతే లాభం లేదు.

అందుకే ఉమ్మడి ఖాతాలో నెల ఖర్చు, కాస్త అత్యవసర నిధి, అంతే ఉంచండి. పెద్ద మొత్తం వేరేచోట. బిందెలో నీళ్ళు తెచ్చుకుంటాం, బావిని ఇంట్లోకి తెచ్చుకోం కదా.

---

ఇందిరానగర్_పిన్ని | శనివారం, మధ్యాహ్నం 3:10

అమ్మాయ్, అన్నీ భయపెట్టే మాటలే వింటున్నావు, ఇంకోవైపుది నేను చెబుతా విను.

2021 మే నెలలో మా ఆయన ఇక్కడే ఆసుపత్రిలో పోయారు. ఇల్లు నడిచే ఖాతా ఇద్దరి పేరునా ఉండేది, మా పెళ్ళయిన కొత్తలో మా మామగారే బలవంతం చేసి తెరిపించారు. అప్పట్లో "కోడలి పేరు బ్యాంకులో ఎందుకు" అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ ఖాతా ఉండబట్టే ఆసుపత్రి బిల్లు, మిగతా ఖర్చులు నేను నా కార్డుతోనే కట్టగలిగాను. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. ఆయన ఒక్కరి పేరునే ఉన్న ఇంకో ఖాతా ఉంది చూడు, దాని కోసం అయిదు వారాలు తిరిగాను. మరణ ధ్రువపత్రం కాపీ ఒకరోజు, సాక్షి సంతకం ఇంకోరోజు. అక్కడి పిల్ల మంచిదే, కుర్చీ వేసి కూర్చోబెట్టేది. కానీ ఆ కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ ఆయన మళ్ళీ పోయినట్టుండేది.

తెరువు. డబ్బు ఎక్కువ పెట్టకపోయినా తెరువు.

---

బెళ్ళందూరు_పీజీ | శనివారం, రాత్రి 9:45

పిన్నిగారూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. థాంక్సండీ. చిత్తూరు గారూ, మీ అక్కగారి సంగతి ఆయనకీ చదివి వినిపించాను. "అయితే నెల ఖర్చు వరకే పెట్టుకుందాం" అని ఆయనే అన్నారు.

ఇంకో తలనొప్పి ఉంది. నా ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు. పాన్‌లో ఆ ఇంటిపేరు పూర్తిగా విడదీసి రాసి ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోలేదు. ఆయన ఇంటిపేరు, నాది వేరువేరుగా ఉంటే భార్యాభర్తలని ఒప్పుకుంటారా? ఆధార్‌లో అడ్రసు కూడా మా నాన్నగారిదే, పాలకొండ.

---

కౌంటర్_నెం_4 | ఆదివారం, ఉదయం 6:30

జాయింట్ ఖాతాకి భార్యాభర్తలే కానక్కర్లేదమ్మా. అన్నదమ్ములు తెరుస్తారు, తల్లీకూతుళ్ళు తెరుస్తారు. ఇంటిపేర్లు కలవాలన్న నియమం లేదు. మార్చుకుని ఉంటే అప్పుడు ప్రభుత్వం ఇచ్చిన వివాహ ధ్రువపత్రమో, గెజిటో అడుగుతారు. నువ్వు మార్చుకోలేదు కాబట్టి ఆ గొడవే లేదు.

ఆధార్‌లో ఒక్క అక్షరం, పాన్‌లో పూర్తి పేరు, ఇది మన తెలుగువాళ్ళందరికీ ఉన్న జబ్బే. కంప్యూటర్ రెండు పేర్లనీ పోల్చి సరిపోలలేదంటే అక్కడే ఆగిపోతుంది. వెళ్ళేముందే ఆధార్‌ని పాన్ ప్రకారం సరిచేయించుకో. అడ్రసు మాత్రం మార్చక్కర్లేదు. ఇప్పుడు ఉంటున్న చోటు వేరైతే స్వీయ ప్రకటన ఇస్తే చాలని రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. కౌంటర్లో ఎవరైనా మొండికేస్తే మేనేజర్ని అడుగు.

---

జమాఖర్చు | ఆదివారం, ఉదయం 10:15

పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను. సేవింగ్స్ వడ్డీ మీద టీడీఎస్ (బ్యాంకే ముందుగా పన్ను కోసుకోవడం) ఉండదు, కానీ ఆ వడ్డీ ఆదాయమే, రిటర్నులో చూపించాలి. పాత పన్ను విధానంలో ఉన్నవారికి 10,000 వరకు మినహాయింపు ఉంది, కొత్త విధానంలో లేదు. బ్యాంకు మాత్రం వడ్డీని మొదటి పేరువారి పాన్ మీదే చూపిస్తుంది. అందుకే ఎవరి పేరు ముందు అన్నది కొంచెం ఆలోచించండి. అసలు లెక్క ప్రకారం ఎవరి డబ్బు మీద వచ్చిన వడ్డీ వారి ఆదాయం. భార్య పేరున వేస్తే పన్ను తగ్గుతుందనుకునేవారికి చెబుతున్నా: భర్త భార్యకి ఊరికే ఇచ్చిన డబ్బు మీద వడ్డీ మళ్ళీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది. అటునుంచి ఇటైనా అంతే.

నిజానికి మీ ఖాతాలో 40, 50 వేలే ఉంటే వడ్డీ ఎంతొస్తుంది లెండి. పెద్ద బ్యాంకులు ఇప్పుడు 2.5 శాతం దరిదాపుల్లోనే ఇస్తున్నాయి. ఏడాదికి పన్నెండు వందలు. దాని మీద పన్ను గురించి నిద్ర పాడుచేసుకోవద్దు.

---

గల్ఫ్_గోదారి | ఆదివారం, మధ్యాహ్నం 1:40

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా ఆయన దుబాయ్‌లో, నేను పిల్లల చదువు కోసం బెంగళూరు కేఆర్ పురంలో. ఆయన ఎన్నారై ఖాతాలో నా పేరు చేర్చి నేను వాడుకోవచ్చా?

---

కౌంటర్_నెం_4 | ఆదివారం, సాయంత్రం 5:20

చేర్చవచ్చమ్మా, కానీ ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో (విదేశీ సంపాదన పంపుకునే ఎన్నారై ఖాతా) ఇక్కడున్న భార్య పేరు "ఫార్మర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలోనే చేరుతుంది. అంటే ఆయన ఉండగా నీకు నేరుగా తీసే హక్కు లేదు. ఆయన పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే ఇక్కడి ఖర్చులకి తీయొచ్చు. దానికన్నా నీ పేరున ఇక్కడ మామూలు ఖాతా పెట్టుకో, ఆయన దానికి పంపిస్తారు. ఆ ఖాతాలో రెండో పేరుగా ఆయన్ని "ఐదర్ ఆర్ సర్వైవర్"గా చేర్చుకోవడానికి 2014 నుంచి రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉంది. ఆయన దుబాయ్ వెళ్ళకముందు తెరిచిన పాత సేవింగ్స్ ఖాతా ఇంకా అలాగే ఉంటే మాత్రం దాన్ని ఎన్‌ఆర్‌ఓగా (ఎన్నారైలకి ఇక్కడి రాబడి కోసం ఉండే ఖాతా) మార్పించండి. చాలామంది మర్చిపోతారు.

---

హెచ్ఎస్ఆర్_తమ్ముడు | ఆదివారం, రాత్రి 8:05

అక్కా, నాదొక మాట. ఉమ్మడి ఖాతా నంబరు కానీ క్యూఆర్ కానీ బయటివాళ్ళకి ఇవ్వకండి. నేను పాత సోఫా ఒకటి ఆన్‌లైన్‌లో అమ్మాను, ఆ డబ్బు 4,500 మా జాయింట్ ఖాతాలో వేయించుకున్నాను. పంపినవాడి డబ్బు ఏదో సైబర్ మోసంలో భాగమట. ఇంకో రాష్ట్రం పోలీసులు ఫిర్యాదు మీద మా ఖాతాకి లీన్ (డబ్బు తీయకుండా అడ్డు) పెట్టించారు. ఖాతా మొత్తం ఆగిపోయింది. తప్పు నాదీ కాదు, నా భార్యది అసలే కాదు, కానీ విజయవాడలో ఆమె మెడికల్ షాపులో కార్డు గీస్తే పడలేదు. విడిపించుకోవడానికి నెలన్నర ఈమెయిళ్ళు.

బయటి నుంచి వచ్చే డబ్బుకి వేరే ఖాతా పెట్టుకోండి. ఉమ్మడిదానికి మీ ఇద్దరి జీతం ఖాతాల నుంచి తప్ప ఇంకెవరి నుంచీ రాకూడదు.

---

చిత్తూరు_చిన్నది | ఆదివారం, రాత్రి 8:40

ఇది నేను కూడా ఎప్పుడూ వినలేదు. మంచి మాట చెప్పావు తమ్ముడూ.

ఇంకో దారి కూడా ఉంది, ఖాతా తెరిచేదాకా పనికొస్తుంది. యూపీఐ సర్కిల్ అని 2024లో వచ్చింది. ఒకరి ఖాతా మీద ఇంకొకరు వాడుకునేలా అనుమతి ఇవ్వొచ్చు. పూర్తి అనుమతి ఇస్తే నెలకి 15,000 వరకు, ఒక్కో చెల్లింపు 5,000 దాకా. ప్రతిదానికీ ఓకే నొక్కాలి అనుకుంటే అలా కూడా పెట్టుకోవచ్చు. కాకపోతే అది ఆయన డబ్బు మీరు వాడుకోవడం అవుతుంది, ఇద్దరి డబ్బు అవ్వదు. నాకైతే ఆ "ఓకే నొక్కండి" అని అడగడం చిరాకు.

---

బెళ్ళందూరు_పీజీ | సోమవారం, రాత్రి 11:00

అడగడం దగ్గరే మా గొడవంతా అండీ. సరే, ఇంకొకటి తేల్చుకోవాలి. ఎవరెంత వేయాలి? ఆయన "చెరి సగం" అంటున్నారు. నా జీతం చేతికి 72 వేలు, ఆయనది 48. సగం సగం అంటే ఆయనకి కష్టమని నాకు తెలుసు, ఎక్కువ నేను వేస్తానంటే ఆయన మొహం మాడుతుంది.

---

మడివాళ_బస్సు | సోమవారం, రాత్రి 11:25

మొహం మాడితే మాడనివ్వండి, రెండు రోజుల్లో మామూలవుతుంది. మేము జీతం నిష్పత్తిలో వేస్తాం. మీ 72, 48 అంటే మూడుకి రెండు. నెలకి ఉమ్మడి ఖర్చు 30 వేలు అనుకోండి, మీరు 18, ఆయన 12. ఇద్దరికీ జీతంలో పావు వంతే పోతుంది. అది చెప్పి చూడండి, "ఇద్దరం పావు వంతు" అంటే సమానమే కదా!

జీతం పడిన మర్నాడే దానంతటదే వెళ్ళేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టేయండి. నెలనెలా గుర్తుచేయడం మొదలైందా, మళ్ళీ రూమ్మేట్ బతుకే.

---

ఇందిరానగర్_పిన్ని | మంగళవారం, ఉదయం 7:15

పావు వంతు మాట బావుంది నాయనా. మా కాలంలో కవర్లలో పెట్టేవాళ్ళం, పాలకి ఒకటి, చీటీకి ఒకటి. ఇదీ అదే.

---

కౌంటర్_నెం_4 | మంగళవారం, ఉదయం 7:50

మర్చిపోయాను, నామినీ. జాయింట్ ఖాతాలో ఇద్దరూ ఉన్నారు కదా నామినీ ఎందుకు అని ఖాళీ వదిలేస్తారు. ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే రైల్లో వెళ్తారు. నేను ఇంతకన్నా చెప్పను. 2025 నవంబరు 1 నుంచి నలుగురిని దాకా నామినీలుగా పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు. ఇద్దరి సంతకంతోనే పెట్టాలి.

ముందుముందు మిగులు డబ్బు ఎఫ్‌డీ చేస్తే ఒక సంగతి. "ఐదర్ ఆర్ సర్వైవర్" ఉన్నా గడువుకి ముందు రద్దు చేయాలంటే ఇద్దరి సంతకం అడుగుతారు. ఒకరే చేసుకునేలా, ఒకరు పోయినా రెండోవారు తీసుకునేలా మొదటే రాసిచ్చే ఒప్పుకోలు ఒకటి ఉంటుంది. ఎఫ్‌డీ వేసేటప్పుడే అడిగి ఇచ్చేయండి. ఎక్కువమంది ఖాతాదారులకి ఇది తెలియదు, మా కౌంటర్లో వాళ్ళకే తెలియని సందర్భాలున్నాయి.

---

బెళ్ళందూరు_పీజీ | శనివారం, సాయంత్రం 6:20 (అయిదు వారాల తరువాత)

తెరిచేశామండీ! మొత్తం రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు నేను ఆధార్‌లో పేరు సరిచేయించుకున్నాను. ఆయన రెండు రోజులు సెలవు పెట్టి నిన్న ప్రశాంతిలో వచ్చారు. ఈ రోజు మూడో శనివారం, మడివాళ అన్నయ్య పుణ్యాన కేలెండరు నాలుగుసార్లు చూశాం. బెళ్ళందూరులోనే ఒక బ్యాంకు, పేరు రాయను. పదింటికి మా టోకెన్ 7.

కౌంటర్లో అమ్మాయి కన్నడ, ఆయనకి కన్నడం ఒక్క ముక్క రాదు. "ఇల్లి సైన్ మాడి" అని వేలు పెట్టి చూపిస్తుంటే ఆయన "మాడి" అంటే ఏదో మాడిపోయిందనుకుని ఫారం అటూ ఇటూ తిప్పి చూశారు. ఆ అమ్మాయికి నవ్వొచ్చింది, తరువాత తెలుగులోనే మాట్లాడింది, వాళ్ళది కోలారు వైపట. ఫొటోల మీద అడ్డంగా సంతకం, సంతకాల నమూనా కార్డు మీద ఇంకా, ఆయన లెక్కపెట్టారు, ఒక్కొక్కరం పదకొండు పెట్టాం.

కౌంటర్ నెంబర్ నాలుగు గారూ, మీకు దండం. ఆ చిన్న గడి వెతికి చూశాను. అప్పటికే అందులో పెన్సిల్‌తో "సింగిల్" అని టిక్ పెట్టి ఉంది! అంతకుముందు ఎవరికో నింపబోయి ఆపేసిన ఫారం మాకిచ్చారు. చెరిపించి "ఐదర్ ఆర్ సర్వైవర్" పెట్టించి పక్కన ఇద్దరం సంతకం చేశాం. మీరు చెప్పకపోతే నేను ఆ గడి చూసేదాన్నే కాదు.

తరువాత అసలు సినిమా. ఆయన ఆధార్‌కి లింకైన నంబరు మా మామయ్యగారి ఫోన్ది. ఓటీపీ శ్రీకాకుళం వెళ్ళింది. ఆయన ఫోన్ చేసి "నాన్నా, ఆరు అంకెలొస్తాయి చదువు" అంటే మామయ్య కళ్ళజోడు వెతుక్కునేసరికి గడువైపోయింది. రెండోసారి ఫోన్ మాట్లాడుతూనే మెసేజ్ తెరవడం ఎలాగో తెలియక కట్ చేశారు. మూడోసారి అత్తయ్య పక్కింటి కుర్రాణ్ణి పిలిపించారు. ఈలోపు బ్యాంకంతా మమ్మల్నే చూస్తోంది. చివరికి ఆ అమ్మాయే వేలిముద్ర మిషన్ తెచ్చి పని కానిచ్చింది. మీ ఇంట్లో కూడా ఆధార్ ఏ నంబరుకి లింకయిందో బయల్దేరేముందే చూసుకోండి.

ఇంకొకటి, ఇద్దరి ఫోన్ నంబర్లూ ఖాతాకి రిజిస్టర్ చేయమని గట్టిగా అడగాలి. వాళ్ళు మొదటి పేరువారిది మాత్రమే ఎక్కిస్తారు. రెండోవారి నంబరు లేకపోతే వాళ్ళ యూపీఐ యాప్‌లో ఈ ఖాతా కనబడదు, మెసేజులూ రావు. మొదటి పేరు నాది, ఎందుకంటే శాఖ నాకు దగ్గర.

నామినీలు: మా అమ్మ 50 శాతం, అత్తయ్య 50 శాతం. ఫోన్ చేసి చెబితే ఇద్దరూ ఒకే మాట అన్నారు, "ఇవేం అపశకునపు మాటలు!"

---

మడివాళ_బస్సు | శనివారం, సాయంత్రం 6:48

శుభాకాంక్షలు! పావు వంతు ఒప్పుకున్నారా?

---

బెళ్ళందూరు_పీజీ | శనివారం, రాత్రి 7:10

ఒప్పుకున్నారు. మొహం ఒకటిన్నర రోజు మాడింది.

---

చిత్తూరు_చిన్నది | శనివారం, రాత్రి 9:00

సంతోషం అండీ. ఎంత ఉంచుతున్నారు?

---

బెళ్ళందూరు_పీజీ | శనివారం, రాత్రి 9:12

నెల ఖర్చు 30, పైన ఒక 40 దాకా ఎమర్జెన్సీకి. అంతకు మించితే ఎవరిది వాళ్ళ ఖాతాకి వెనక్కి. మీ అక్కగారికి నా తరఫున నమస్కారం చెప్పండి.

---

గల్ఫ్_గోదారి | ఆదివారం, ఉదయం 11:30

రెండో కార్డు ఏ అడ్రసుకి వస్తుందండీ? మా ఆయనది కూడా ఇక్కడికే వస్తుందా?

---

కౌంటర్_నెం_4 | ఆదివారం, మధ్యాహ్నం 12:05

ఎవరి సీఐఎఫ్‌లో ఏ ఉత్తరప్రత్యుత్తరాల చిరునామా రాశారో దానికే వెళ్తుందమ్మా. ఫారం నింపేటప్పుడే చూసుకోవాలి. ఒకే చోట రాసేస్తే రెండు కార్డులూ అక్కడికే.

---

బెళ్ళందూరు_పీజీ | బుధవారం, రాత్రి 10:20 (పది రోజుల తరువాత)

అదే జరిగింది సార్. ఇద్దరికీ పీజీ అడ్రసే రాసేశాను. ఈ రోజు రెండు కవర్లూ వార్డెన్ ఆంటీ చేతికొచ్చాయి, "మీ ఆయన కూడా ఇక్కడే ఉంటున్నాడా ఏంటి, అద్దె ఎవరు కడతారు?" అని నన్ను ఆపి అడిగింది. కార్డు కొరియర్‌లో పంపనా అని ఆయన్ని అడిగాను. "వద్దు తల్లీ, మళ్ళీ ఆ 640 దగ్గరికి వెళ్ళొద్దు, దసరాకి వచ్చేటప్పుడు తెచ్చెయ్" అన్నారు. ప్రశాంతిలో సైడ్ లోయర్ దొరికింది. టికెట్ డబ్బు ఉమ్మడి ఖాతాలోంచే పోయింది, ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి.